ముందు బరువు దించండి: ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న యువత మానసిక ఆరోగ్యం

(తల్లిదండ్రులు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు, కౌన్సెలర్ల సమావేశంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసింది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు రెండు మాటలు. కుడివైపు వరసల మీద లైట్లు ఆపించాం. వెలుతురు ఇబ్బంది పెట్టేవాళ్లు అటు కూర్చోవచ్చు. కూర్చోలేనివాళ్లు నిలబడి వినండి, తిరుగుతూ వినండి, బయటికెళ్లి మళ్లీ రండి. చేతిలో ఏదైనా తిప్పుతుంటేనే ధ్యాస నిలుస్తుందంటే తిప్పండి. నా మొహంలోకి చూడాల్సిన పని లేదు.

ఇవాళ మాట్లాడేది చిన్నపిల్లల గురించి కాదు. చిన్నపిల్లల కోసం స్పీచ్ థెరపీ ఉంది, ఆక్యుపేషనల్ థెరపీ ఉంది, సెంటర్ల బోర్డులు వీధివీధికీ కనిపిస్తున్నాయి. మరి ఆ పిల్లలు 16కి వచ్చాక? 25కి వచ్చాక? ఆటిజం (నలుగురితో కలిసే తీరు, చప్పుడూ వెలుతురూ తగిలే తీరు వేరుగా ఉండటం), ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టం కావడం), డిస్‌ప్రాక్సియా (ఒంటి కదలికల పొందిక కష్టం కావడం) ఇవేవీ పెద్దయితే పోయేవి కావు. బయటికి కనిపించే తీరు మారుతుంది, అంతే. ఇక 30 ఏళ్లు వచ్చాక, తమ పిల్లకో పిల్లాడికో పరీక్ష చేయించినప్పుడు, "అయితే నాదీ ఇదేనా" అని మొదటిసారి తెలుసుకునేవాళ్లు ఉన్నారు. ఈ హాల్లో కూడా ఉండొచ్చు. వాళ్లందరి మనసు గురించి ఇవాళ్టి మాట.

ముందు ఒక అంకె చెప్తాను, కాస్త కష్టంగా ఉంటుంది. 2014లో ఇంగ్లండులో సారా కాసిడీ అనే పరిశోధకురాలి బృందం, ఆస్పర్గర్స్ అని (ఆటిజంలోనే ఒక రకానికి అప్పట్లో వాడిన పేరు) పెద్దయ్యాకే నిర్ధారణ అయిన 374 మంది వివరాలు ప్రచురించింది. వాళ్లలో 66 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చనిపోదామన్న ఆలోచన వచ్చింది. 35 శాతం మంది అందుకు ప్రణాళిక వేసుకున్నారు, లేదా ప్రయత్నించారు. వీళ్లు చదువుకున్నవాళ్లు, మాట్లాడగలిగినవాళ్లు. "వీడికేం, బాగానే ఉన్నాడుగా" అని చుట్టూ ఉన్నవాళ్లు అనుకునేవాళ్లు. అదే బృందం 2018లో చేసిన మరో పరిశీలనలో రెండు విషయాలు ఈ ఆలోచనలతో ముడిపడి ఉన్నట్టు తేలింది. ఒకటి, తమ తీరును దాచుకుని అందరిలా నటించడం. రెండు, కావలసిన సాయం అందకపోవడం. రెండూ చుట్టూ ఉన్నవాళ్లు మార్చగలిగినవే. అందుకే ఈ అంకెలు మీకు చెప్తున్నాను.

నటించడం అంటే ఏమిటో చూద్దాం. ఒక రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీ తీసుకోండి. తెల్లవారకముందే బెల్లు. బాత్‌రూముల దగ్గర లైను. మెస్‌లో స్టీలు కంచాల మోత, సాంబారు వాసన, పక్కన భుజం తగులుతూ కూర్చున్న పిల్లలు. తర్వాత క్లాసులు, స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, ర్యాంకుల చార్టు. రాత్రి గదిలో ఇంకో నలుగురు. చప్పుడు, వాసన, స్పర్శ మామూలు కన్నా ఎన్నో రెట్లు గట్టిగా తగిలే పిల్లకి ఇందులో ఒంటరిగా ఉండే పది నిమిషాలు ఎక్కడున్నాయి? పైగా ఆ పిల్ల మొహం ఎప్పుడు నవ్వాలో లెక్క వేసుకోవాలి. ఎదుటివాళ్ల కళ్లలోకి ఎన్ని సెకన్లు చూడాలో లెక్క వేసుకోవాలి. చేతులు ఊపాలనిపిస్తే ఆపుకోవాలి. జోకు అర్థం కాకపోయినా అందరితోపాటు నవ్వాలి. పరీక్షలో మార్కులు వస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఊట కన్నా ఎక్కువ తోడుతూ పోయిన బోరు ఏమవుతుందో మనకి తెలుసు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు రావు.

అలా ఎండిపోయిన స్థితిని పెద్దవాళ్లలో 2020లో అమెరికా పరిశోధకులు ఆటిజం ఉన్నవాళ్లతోనే కలిసి వివరంగా నమోదు చేశారు. ఆటిస్టిక్ బర్నౌట్ అంటున్నారు. మూడు గుర్తులు. విడవని అలసట, సాధారణంగా మూడు నెలలు, అంతకు మించి. అప్పటిదాకా వచ్చిన పనులు రాకుండా పోవడం. ఇదివరకు తట్టుకున్న చప్పుళ్లు, వెలుతురు ఇక తట్టుకోలేకపోవడం. వచ్చిన పనులు రాకుండా పోవడమంటే మాటలు తగ్గిపోతాయి, స్నానానికి లేవలేరు, బస్సు మారడం చేతకాదు, వండుకునే పిల్ల వండుకోలేదు. ఇంట్లో ఏమంటాం? "ఇన్నాళ్లూ చేశావుగా, ఇప్పుడేమొచ్చింది? బద్ధకం." ఇన్నాళ్లూ చేసింది కాబట్టే ఇప్పుడు చేయలేకపోతోంది.

ఇక్కడ కౌన్సెలర్లు, డాక్టర్లు జాగ్రత్తగా వినాలి. ఇది డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. డిప్రెషన్‌కి మనం నేర్చుకున్న మందు ఏమిటి? లేపండి, బయటికి పంపండి, నలుగురిలో కలపండి, రోజుకో పని పెంచండి. మామూలు డిప్రెషన్‌లో ఇది బాగా పనిచేస్తుంది. బర్నౌట్‌లో ఇదే చేస్తే ఉన్న కాస్త శక్తీ పోతుంది, మనిషి ఇంకా కిందికి దిగుతాడు. "నాకు చికిత్స కూడా పనిచేయదు" అన్న నిరాశ దానికి తోడవుతుంది. మరి తేడా ఎలా పట్టుకోవాలి? నేను ముఖ్యంగా రెండు ప్రశ్నలు చూడమంటాను. ఒంటరిగా, నిశ్శబ్దంగా, తనకిష్టమైన పనితో మూడు నాలుగు రోజులు వదిలేస్తే కాస్త తేరుకుంటున్నాడా? రైళ్లు కావచ్చు, మ్యాపులు కావచ్చు, క్రికెట్ స్కోర్లు కావచ్చు, కొరియన్ పాటలు కావచ్చు, తనకి ప్రాణమైనదాని మీద ఇష్టం ఇంకా ఉందా? చేయాలని ఉంది, ఒంట్లో లేదు అంటే బర్నౌట్ వైపు మొగ్గు. ప్రాణమైన ఇష్టం కూడా చప్పబడిపోయింది, "నేను పనికిరాను, నా వల్లే అందరికీ కష్టం" అంటున్నాడు అంటే డిప్రెషన్ వైపు మొగ్గు. రెండూ కలిసి ఉండటం మామూలే. అప్పుడు రెండింటికీ చూడాలి, కానీ బరువు దించడం ముందు. ఇంకో మాట. క్లినిక్‌లో ఇచ్చే డిప్రెషన్ ప్రశ్నావళిలో నిద్ర, ఆకలి, ఏకాగ్రత, కుదురుగా ఉండలేకపోవడం అడుగుతారు. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషికి వీటిలో చాలావరకు చిన్నప్పటి నుంచీ ఉన్నవే! అందుకని "నీకు ఇదివరకు ఉన్నదానికన్నా మారిందా?" అని అడగాలి. పోలిక పక్కవాళ్లతో వద్దు, ఆ మనిషి నిన్నటితోనే పెట్టండి.

బరువు దించడం ఎలా? ఒక తెల్లకాగితం తీసుకోండి. వారంలో ఆ మనిషి చేయాల్సినవన్నీ రాయండి. కాలేజీ, ట్యూషను, ప్రయాణం, చుట్టాల ఫోన్లు, గుడి, పెళ్లిళ్లు, బట్టలు మార్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, అన్నీ. మనకి పని కానివి వాళ్లకి పనే. పక్కన మూడు గళ్లు గీయండి: ఆపగలిగేవి, తగ్గించగలిగేవి, తప్పనివి. ఆపగలిగేవన్నీ రెండు వారాలు పూర్తిగా ఆపేయండి. తగ్గించేవి సగానికి తగ్గించండి. రోజూ కనీసం ఒక గంట, ఎవరూ తలుపు తట్టని గంట ఇవ్వండి. గంటా అని ఆశ్చర్యపోకండి, అది కనీసం. తిండి దగ్గర పోరు వద్దు. రోజూ పెరుగన్నమే అంటే ఆ రెండు వారాలు పెరుగన్నమే పెట్టండి, ఒక గుడ్డో అరటిపండో పక్కన ఉంచండి. స్నానం కష్టమైతే తడిగుడ్డతో తుడుచుకోనివ్వండి. రెండు వారాల తర్వాత ఒక్క పని మాత్రమే తిరిగి చేర్చండి, వారం ఆగండి. నిద్ర, మాట అలాగే నిలబడితే ఇంకోటి. తగ్గితే వెనక్కి రండి.

ఎక్కడ తప్పుతుందో చెప్పమంటారా? నాలుగో రోజున! పిల్లాడు కాస్త నవ్వుతాడు, హాల్లోకి వచ్చి కూర్చుంటాడు. అంతే, "బాగయిపోయాడు" అని ఆ ఆదివారమే మేనత్త కొడుకు నిశ్చితార్థానికి తీసుకెళ్తారు. మళ్లీ మొదటికొస్తుంది. రెండో తప్పు, విశ్రాంతి అని చెప్పి ఊరికి పంపించడం. చుట్టాలు నిండిన ఇల్లు, కొత్త మంచం, కొత్త బాత్‌రూము. అది విశ్రాంతి కాదు. మూడో తప్పు, శిక్షగా ఫోన్ లాక్కోవడం. చాలామందికి స్నేహితులు ఆ ఫోన్లోనే ఉన్నారు, మనసు కుదుటపరిచే పాట ఆ ఫోన్లోనే ఉంది. రాత్రి నిద్ర కోసం ఒక వేళ పెట్టుకోండి, ముందుగా చెప్పి, అదే వేళ రోజూ. మధ్యలో గుంజుకోవద్దు.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల బరువు కొంచెం వేరుగా ఉంటుంది. వాళ్లని ఎక్కువ కుంగదీసేది పొద్దున్నుంచి రాత్రి దాకా వినే మందలింపు. "ఎన్నిసార్లు చెప్పాలి", "తెలివుంది కానీ వాడవు", "ఒక్క పనీ పూర్తి చెయ్యవు". ఇరవై ఏళ్లు ఇది విన్న మనిషికి చిన్న విమర్శ కూడా ఒంటి మీద దెబ్బలా తగులుతుంది. వాళ్లకి ఏం చేయాలో తెలుసు, మొదలుపెట్టడమే కష్టం. మరి సాయం ఏమిటి? పక్కన కూర్చోండి. మీ పని మీరు చేసుకుంటూ, మాట్లాడకుండా, 25 నిమిషాలు. ఎంత తేలికైన సాయమో చూడండి, ఎంతమందికి పనిచేస్తుందో! పనిని మొదటి ముక్కకి తగ్గించండి: "రికార్డు రాయి" అనకండి, "రికార్డు బల్ల మీద పెట్టి తేదీ వెయ్యి" అనండి. నిద్ర గడియారం కూడా చాలామందికి ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు. లేచే వేళ ఒకటే ఉంచి, లేవగానే అరగంట ఎండ వెలుతురులో ఉండమనండి. పడుకునే వేళతో కుస్తీ పడితే లాభం లేదు.

"ఎలా ఉన్నావు" అని అడిగితే

"బాగానే ఉన్నా" అంటారు. అబద్ధం కాదు అది. ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి తమ లోపలి భావానికి పేరు పెట్టడం కష్టం. గుండె దడదడలాడుతోంది, అది భయమా, కోపమా, ఆకలా తేలదు. అలాంటి మనిషిని "ఏమనిపిస్తోంది, చెప్పు, చెప్పు" అని తొందరపెడితే నోరు మూతపడుతుంది. మనం ప్రశ్న మార్చాలి. ఒంటి గురించి అడగండి: గొంతు బిగిసిందా, కడుపులో ఎలా ఉంది, దవడ గట్టిపడిందా? అంకె ఇవ్వమనండి, కానీ ఆ అంకెలకి ముందే అర్థం చెప్పుకోండి: సున్నా అంటే ఆదివారం పొద్దున్న గదిలో ఒంటరిగా ఉన్నట్టు, పది అంటే ఫలానా గొడవ రోజులా. ఒకసారికి ఒకే ప్రశ్న. అడిగాక ఆగండి. మనసులో ముప్పై లెక్కపెట్టండి, నిజంగా లెక్కపెట్టండి! మన ఇళ్లలో అంత నిశ్శబ్దం ఎవరూ భరించరు, అయిదో సెకనుకే ఇంకో ప్రశ్న వేసేస్తాం. వాళ్లు అప్పుడే మొదటి ప్రశ్నకి మాట కూడగట్టుకుంటుంటారు. ఎదురెదురుగా కన్నా బండి మీద వెళ్తూ, చిక్కుళ్లు ఒలుస్తూ అడిగితే తేలిక. పక్కగదిలోంచి వాట్సాప్‌లో అడిగినా తప్పేం లేదు.

మాట రానప్పుడు గుర్తులు చూడాలి. గోడ క్యాలెండర్ మీద రోజూ అయిదు విషయాలు, ఒక్కో దానికి ఒక్కో అక్షరం: నిద్ర ఎన్ని గంటలు, తిన్నాడా, స్నానం, ఇష్టమైన పనిలో గడిపాడా, అదుపు తప్పిన సందర్భాలు ఎన్ని. ఎదిగిన మనిషి అయితే తనకి చెప్పి, తనతో కలిసి రాయండి. చాటుగా కాదు. ఆరు వారాల క్యాలెండర్ పట్టుకెళ్తే డాక్టరుకి గంట మాటల కన్నా ఎక్కువ తెలుస్తుంది.

అదుపు తప్పడం గురించి క్లుప్తంగా. అరుపులు, తల బాదుకోవడం, లేదా ఒక్కసారిగా బిగుసుకుపోయి మాట ఆగిపోవడం. ఆ సమయంలో నచ్చజెప్పొద్దు, ప్రశ్నలొద్దు, చుట్టూ జనం వద్దు. లైటు తగ్గించండి, టీవీ ఆపండి, గట్టి వస్తువులు తీయండి, తల కింద దిండు పెట్టండి. అడక్కుండా పట్టుకోవద్దు. తగ్గాక కూడా ఆ రోజంతా అలసట ఉంటుంది, విచారణ మర్నాటికి వాయిదా వేయండి.

డాక్టరు దగ్గర

హఠాత్తుగా ప్రవర్తన మారితే ముందు ఒళ్లు చూపించండి. పిప్పి పన్ను, చెవి నొప్పి, మలబద్ధకం, నెలసరి నొప్పి, రక్తహీనత, థైరాయిడ్, బి12 తగ్గడం, ఫిట్స్. నొప్పి చెప్పలేని మనిషి కోపంగా కనిపిస్తాడు. "ఆటిజం కదా, అలాగే ఉంటాడు" అని నొప్పిని వదిలేయడం చాలా చోట్ల జరిగే అన్యాయం. ఆ మాట వినిపిస్తే, "పళ్లు కూడా చూపించమంటారా డాక్టర్ గారూ" అని మీరే అడగండి.

వెళ్లేముందు ఒక పేజీ రాసి తీసుకెళ్లండి: ఎలా మాట్లాడితే అర్థమవుతుంది, ఏది తగిలితే ఇబ్బంది, మామూలు రోజు ఎలా ఉంటుంది, ఇప్పుడేం మారింది, ఏ మందులు వాడుతున్నారు. రోజులో మొదటి అపాయింట్‌మెంటు అడగండి, బయట వరండాలో కూర్చుని వంతు రాగానే ఫోన్ చేయమనండి. మాటల చికిత్స విషయంలో బ్రిటన్ మార్గదర్శకాలు 2012లోనే స్పష్టంగా చెప్పాయి: ఆటిజం ఉన్న పెద్దవాళ్లకి చికిత్సను మార్చి ఇవ్వాలి. నిర్దిష్టంగా, రాతలో, బొమ్మల్లో చెప్పడం, ఉపమానాలు తగ్గించడం, ఆలోచనల కన్నా చేసే పనుల మీద ఎక్కువ దృష్టి, మధ్యలో విరామాలు, వాళ్ల ఇష్టాలను వాడుకోవడం. "మీరు ఇలా చేయగలరా?" అని థెరపిస్టును ముందే అడగండి. చేయలేనంటే వేరేవాళ్లని వెతకడం తప్పు కాదు.

మందుల గురించి: ఆటిజం ఉన్నవాళ్లకి డిప్రెషన్, ఆందోళన మందులు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచడం మంచిది. మొదటి వారాల్లో కంగారు, నిద్రలేమి పెరిగితే వెంటనే డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. తీవ్రమైన చిరాకు, దూకుడు తగ్గించడానికి రిస్పెరిడోన్ లాంటి మందులు ఇస్తే బరువు, నడుము కొలత, షుగరు అప్పుడప్పుడు చూడాలి. ఎందుకు ఇస్తున్నారు, ఎన్ని నెలలకి మళ్లీ సమీక్షిస్తారు అని అడిగి రాసుకోండి. ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ వాడుతుంటే మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది, కాబట్టి పొద్దున్న టిఫిన్ కడుపునిండా తిన్నాకే మాత్ర, రాత్రి మళ్లీ గట్టిగా భోజనం.

చావు గురించి అడగాలా? అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. డొంకతిరుగుడు వద్దు. "పిచ్చి ఆలోచనలేమైనా వస్తున్నాయా" అంటే ఆటిజం ఉన్న మనిషి, పిచ్చి కాదు కదా అనుకుని "లేదు" అనొచ్చు. "చనిపోవాలని అనుకుంటున్నావా? ఎలా అని ఆలోచించావా?" అని సూటిగా. ఏడుపు లేకుండా, మామూలు గొంతుతో, వాతావరణం గురించి చెప్పినట్టు "అవును" అనొచ్చు. మొహంలో బాధ లేదని తేలిగ్గా తీసుకోకండి, దయచేసి. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు ఇంట్లో ఉంటే ఆ రోజే బయటికి పంపండి, మాత్రలు తాళంలో పెట్టండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. ఫోన్‌లో మాట్లాడలేని మనిషి తరఫున మీరు చేయొచ్చు. పోలీసు కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

లెక్చరర్లకి. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో ఆదేశాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానాలని కూడా చెప్పింది. మీ కాలేజీలో ఆ మనిషి ఉన్నారా? ఉంటే ఆ గదికి పిల్ల ఎవరి కంటా పడకుండా వెళ్లగలదా? మీరు రేపే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పరీక్ష తేదీ మారితే ముందురోజే రాతలో చెప్పండి. మెస్‌కి పావుగంట ముందు పంపండి. స్టడీ అవర్‌లో చెవులకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోనివ్వండి. లేచి బయటికెళ్లడానికి ఒక కార్డు ఇవ్వండి, బల్ల మీద పెట్టి మాట లేకుండా వెళ్లిపోయేలా.

వైకల్య సర్టిఫికెట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అది పెద్ద లోటు, మార్చాలని మనం అడుగుతూ ఉండాలి. ఆటిజం అంచనాకి వాడే 40 ప్రశ్నల ఇసా కొలమానం మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో తయారైనదే. వైకల్యం 40 శాతం, ఆ పైన అని తేలితే రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం. ఆఫీసుల విషయంలో, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే చట్టం 21వ సెక్షన్ చెప్తుంది. హెచ్‌ఆర్‌ను ఆ కాగితం అడగొచ్చు. అడిగేటప్పుడు జబ్బు పేరు మొత్తం విప్పి చెప్పనక్కర్లేదు. "పని చెప్పినప్పుడు రాతలో కావాలి, మూల సీటు కావాలి, మీటింగు అజెండా ముందురోజు కావాలి" అని అవసరం చెప్తే చాలాసార్లు పని జరుగుతుంది.

ఇక పెళ్లి. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. సర్దుకోదు. నటించాల్సిన గంటలు రోజుకి 24 అవుతాయి, అంతే. చేసుకోవాలని వాళ్లకి ఉంటే చేసుకోనివ్వండి, కానీ అవతలి మనిషికి నిజం చెప్పి. దాచి చేసిన పెళ్లిలో ఇద్దరూ నలిగిపోతారు.

18 నిండగానే గార్డియన్‌షిప్ (ఆ మనిషి తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధమైన హక్కు) కోసం పరుగెత్తే తల్లిదండ్రులకి ఒక మాట. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ను నియమించడానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, నిజంగా అవసరమైనవాళ్లకి అది ఆధారం. కానీ బ్యాంకు వాళ్లు అడిగారని, తన నిర్ణయం తాను చెప్పగలిగిన మనిషికి ఆ హక్కు తీసేయకండి. ముందు జాయింట్ ఖాతా చూడండి, చిన్న పరిమితి ఉన్న కార్డు చూడండి. మానసిక చికిత్స కోసం అయితే 2017 చట్టం కింద తనకి నమ్మకమైన మనిషిని ప్రతినిధిగా తానే రాసిపెట్టుకోవచ్చు, తెల్లకాగితం మీద సంతకం చేసి. అమ్మానాన్నే కావాలని లేదు. అక్క కావచ్చు, స్నేహితుడు కావచ్చు. బాగున్న రోజున కూర్చోబెట్టి అడగండి: "నీకు బాగోలేనప్పుడు డాక్టరుతో నీ తరఫున ఎవరు మాట్లాడాలి? ఏ మందు వద్దు? ఎవరు రాకూడదు?" వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి. మీకు నచ్చకపోయినా మార్చకండి.